బొట్టు పెట్టిన ఐదు డిస్కులు

నాకు కోపం ఎక్కువ. ముందే చెప్పేస్తే తర్వాత నన్ను తిట్టుకోవడం మీకు తేలికవుతుంది. పెళ్ళిళ్ళలో కెమెరాకు అడ్డం వచ్చే చుట్టాల మీద, లైటు వైరు తొక్కేవాళ్ళ మీద, సాంబారు బకెట్‌తో వచ్చి లెన్సు మీద చుక్క రాల్చేవాళ్ళ మీద పాతికేళ్ళు అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. ఇంట్లో అరవడానికి మాత్రం మా అక్క ఒక్కతే ఉండేది. ఆమె మీద అరిచిన అరుపులన్నీ నాకు గుర్తులేవు. ఒక్కటి గుర్తుంది. అది ఐదు హార్డ్ డిస్కుల దగ్గర జరిగింది.

మహబూబాబాద్‌లో నాకు ఫోటో స్టూడియో ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళిళ్ళన్నిటికీ వీడియో తీసేవాణ్ణి. మిగతా స్టూడియోల వాళ్ళు పెళ్ళివారికి సీడీ చేతిలో పెట్టి, మూడు నెలలకు అసలు ఫుటేజీ చెరిపేసేవారు. నేను చెరపలేదు. అదేదో గొప్పతనం కాదు, దానితో ఒక పని పడింది. మా వైపు ఎవరైనా పోతే పదకొండో రోజుకు వాకిట్లో ఫ్లెక్సీ కట్టాలి, కుర్చీలో ఫోటో పెట్టి దండ వేయాలి. బతికున్నన్నాళ్ళూ ఆ మనిషి ఒక్క ఫోటో దిగి ఉండడు. ఆధార్ కార్డు ఉంటుంది గాని, అందులో ఉన్నది తానేనని ఆయనే ఒప్పుకునేవాడు కాదు. అప్పుడు కొడుకులు నా దగ్గరికి వచ్చేవారు.

"అన్నా, మా బాపు కేసముద్రం పెండ్లికి వచ్చిండె. బంతిల కూసున్నడు. జర దేవులాడరాదే."

బంతి అంటే భోజనాల వరస, దేవులాడడమంటే వెతకడం. కెమెరా భుజాన పెట్టుకుని ఆ వరస వెంట ఒక చివర నుంచి ఇంకో చివరకు నడవడం మా పనిలో మామూలు. తినేవాళ్ళకు అది ఒళ్ళుమంట. కొందరు తల దించుకుంటారు, కొందరు చెయ్యి అడ్డం పెడతారు. కానీ ఏ గ్రూపు ఫోటోలోనూ నిలబడని మనుషులు, తండాల నుంచి వచ్చి ఆఖరి వరసలో కూర్చుని తిని వెళ్ళిపోయేవాళ్ళు, ఊరి మొత్తానికి కెమెరాలో దొరికేది అక్కడొక్కచోటే. ముద్ద నోట్లో పెట్టుకుంటూ దొరికిన ముఖాన్ని కోసి, ఉబ్బిన చెంపను సరిచేసి, వెనక నీలం రంగు వేసి ఇచ్చేవాణ్ణి. అది ఆ ఇంటి గోడ మీద ఏళ్ళ తరబడి ఉండేది.

మా అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. ఆమెను రేగొండ దగ్గరి ఊరికి ఇచ్చారు. నేను జనగామలో ఒక స్టూడియోలో పని నేర్చుకుంటున్న రోజుల్లోనే బావ పొలం దగ్గర మోటరు షాకు కొట్టి పోయాడు. ఆయన్ను నేను చూసింది నాలుగైదు సార్లకు మించదు. వాళ్ళ పెళ్ళి ఆల్బం ఒక వానాకాలం గోడ కూలి బురదలో కలిసిపోయింది. అక్క తన కూతుర్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే, పెళ్ళిళ్ళు చూసి చూసి విసుగొచ్చిందని చెబుతుంటాను. అక్క వండేది, నేను తినేవాణ్ణి, ఉప్పు తక్కువైందని అరిచేవాణ్ణి. ఆ అమ్మాయి పెళ్ళి చేసుకుని జనగామ వెళ్ళాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం.

ఒకరోజు అక్క మాటల మధ్యలో అంది: "టేకుమట్ల పెండ్లికి మేమిద్దరం పోయినం తమ్మీ. మీ జనగామ వీడియోవాళ్ళు వచ్చిండ్రు. మీ బావ బంతిల కూసున్నడు." నేను పని నేర్చుకున్న జనగామ స్టూడియో యజమాని దుకాణం మూసేటప్పుడు పాత క్యాసెట్లన్నీ నాకే ఇచ్చాడు. నాలుగు రోజులు వేరే పని ముట్టుకోకుండా ఆ క్యాసెట్లు తిప్పాను. దొరికింది. తెల్ల చొక్కా, భుజం మీద ఆకుపచ్చ తువ్వాలు, విస్తరి మీదికి వంగి తింటున్న మనిషి. కెమెరా దగ్గరికి రాగానే ఎడమ చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వుతాడు. అంతా కలిపి పదకొండు సెకన్లు. అక్కను పిలిచి చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఆఁ, గాయనే," అంది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి టీ గ్లాసులు రెండు పట్టుకుని వచ్చేది. "తమ్మీ, జర పెట్టు." నేను గొణుక్కుంటూనే పెట్టేవాణ్ణి. రెండు మూడు సార్లు తిప్పేవాణ్ణి. ఆ పదకొండు సెకన్ల తర్వాత ఆమె ఏదో ఒకటి చెప్పేది: బావకు చింతచిగురు పప్పు ఎంత ఇష్టమో, ఎద్దుల్ని పేరు పెట్టి ఎట్లా పిలిచేవాడో. టీ అయిపోయేదాకా నేను కదలకుండా వినేవాణ్ణి. వారం మొత్తంలో ఆ కాసేపే నేను ఇంట్లో నిమ్మళంగా కూర్చునేది.

ఇప్పుడు డిస్కుల సంగతి. సీడీలకు, క్యాసెట్లకు బూజు పట్టడం మొదలయ్యాక ఒక పాత కంప్యూటర్‌ను ఇంటి సర్వర్‌గా మార్చి, అన్నీ అందులోకి ఎక్కించి పాతవి పారేశాను. సర్వర్ అనేది పెద్ద మాట. బియ్యం డబ్బా పక్కన స్టూలు మీద ఉండే నల్ల పెట్టె అది. అందులో ఐదు డిస్కులు, అన్నీ ఒకే రకం, ఒకే సైజు. నాలుగింట్లో వీడియోలు ఉంటాయి. ఐదోదాన్ని పారిటీ అంటారు. దానిలో ఒక్క పెళ్ళి కూడా ఉండదు, మిగతా నాలుగింటినీ కలిపి కట్టిన లెక్క మాత్రమే ఉంటుంది. నలుగురిలో ఒకడు పోతే, మిగిలిన ముగ్గురినీ కూర్చోబెట్టుకుని, పోయినవాడు ఏం చెప్పి ఉండేవాడో పొల్లుపోకుండా చెప్పగలిగే మనిషి లాంటిది.

ప్రతి డిస్కు మీదా పొడవాటి నంబరు ఒకటి అచ్చువేసి ఉంటుంది. బుద్ధి ఉన్నవాడు ఏ నంబరు ఏమిటో కాగితం మీద రాసి పెట్టుకుంటాడు. నేను దసరాకు ఆయుధ పూజ చేసి, పారిటీ డిస్కుకు కుంకుమ బొట్టు పెట్టాను. కెమెరాకు పెట్టాను, ట్రైపాడ్‌కు పెట్టాను, డిస్కుల్లో పారిటీ ఒక్కదానికే పెట్టాను. నూనెలో తడిపిన కుంకుమ, ఏడాదంతా పోదు. ఇంతకన్నా గట్టి గుర్తు ఏముంటుందని మురిసిపోయాను కూడా. మూడు దసరాలు అట్లాగే గడిచాయి.

నాలుగో దసరాకు దుమ్ము తుడుద్దామని డిస్కులన్నీ బయటికి తీసి పేపరు మీద పరిచాను. పారిటీకి బొట్టు పెట్టాను. అంతలో ఎవరో కొత్త ట్రాక్టర్‌కు పూజ చేస్తున్నాం, ఫోటో తీయాలి రమ్మన్నారు. తిరిగొచ్చేసరికి జమ్మికి పోయే వేళైంది. డిస్కుల్ని గబగబా పెట్టెలోకి తోసేసి బయలుదేరాను. వాటివైపు సరిగ్గా చూడను కూడా లేదు. ఏ అరలో ఏది పెట్టినా మెషిన్ నంబర్లను బట్టి తానే గుర్తుపడుతుంది కాబట్టి అప్పుడేమీ తేడా రాలేదు.

తర్వాత ఎండాకాలం ముందు మహబూబాబాద్ స్టూడియో మూసేశాను. ఇప్పుడు పెళ్ళికి డ్రోన్ ఎగరాలి. నాకు మోకాళ్ళే లేవవు. భూపాలపల్లి బస్టాండు దగ్గర ఒక గది దొరికితే పాస్‌పోర్ట్ ఫోటోలు, ఫ్లెక్సీలు చేసుకుందామని సామాను ట్రాలీలో ఎక్కించాం. దారిలో కుదుపులకు దెబ్బతినకుండా డిస్కులన్నిటినీ పెట్టె నుంచి తీసి, అక్క పాత చీరల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పరకాల దాటేదాకా ఆమె చేతులు వాటి మీదినుంచి తీయలేదు.

కొత్త ఇంట్లో పెట్టె బిగించి చూస్తే దాన్ని నడిపించే పెన్‌డ్రైవ్ చచ్చిపోయి ఉంది. ఏ డిస్కు ఎక్కడిదన్న వివరమంతా అందులోనే ఉండేది. కొత్త పెన్‌డ్రైవ్ పెడితే మెషిన్‌కు ఏమీ గుర్తులేదు, నాలుగు డేటా డిస్కులు ఏవో, పారిటీ ఏదో నన్నే చెప్పమంది. నాకేం ఫికరు లేదు. బొట్టు ఉంది కదా. చీర మడతలు విప్పాను. ఐదింటికీ బొట్లున్నాయి.

"అక్కా, ఏంది గిది?"

"నేనే పెట్టిన. దసరా నాడు నువ్వు ఒక్కదానికే పెట్టి పోయినవ్. మిగిలినయేం పాపం జేసినయ్? ఐదిట్నీ తడిగుడ్డతోని తుడిచి సమానంగ పెట్టిన," అంది, మంచి పని చేసిన మనిషి చెప్పినట్టే.

అప్పుడు చేయాల్సింది చాలా తేలిక. ఐదింటినీ డేటా డిస్కులుగానే చూపించి తెరిస్తే, నాలుగు తెరుచుకుంటాయి, తెరుచుకోనిదే పారిటీ. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నేను బొట్లు చూసి ఎంచాను. ఒకదాని మీద బొట్టు కాస్త పెద్దగా, చిక్కగా ఉంది. తడిగుడ్డకు పోని నా పాత బొట్టు కింద ఉండబట్టే చిక్కగా ఉందనుకున్నాను. దాన్ని పారిటీ అరలో పెట్టాను. ఈ డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని స్క్రీన్ మీద అడిగింది. సరేనన్నాను. మొదలుపెట్టి టీ తాగడానికి బస్టాండుకు వెళ్ళాను.

గంట తర్వాత వచ్చి చూస్తే ఒక డేటా డిస్కు తెరుచుకోవడం లేదు. తెరుచుకోనిదే అసలు పారిటీ. పారిటీ అనుకుని గంటసేపు రాయించింది మూడో నంబరు డేటా డిస్కు మీద. బంతుల వీడియోలు, జనగామ క్యాసెట్లు, బావ పదకొండు సెకన్లు అన్నీ అందులోనే. ఆపేశాను. అంతటితో చెయ్యి కడుక్కుని లేచి ఉంటే ఈ కథ లేదు. కోపంలో రెండింటినీ తారుమారు చేసి, పారిటీని పారిటీ చోట, మూడోదాన్ని దాని చోట పెట్టి మళ్ళీ మొదలుపెట్టాను. పారిటీ మూడోదాన్ని బాగుచేస్తుందనుకున్నాను. అది చేసింది వేరు. పాడైన మూడోదాన్ని ఉన్నది ఉన్నట్టుగా చదివి, తన లెక్కను దానికి తగ్గట్టు మార్చి రాసుకుంది. మధ్యాహ్నానికి అదీ అయిపోయింది, ఇదీ అయిపోయింది.

అక్క అన్నం కలిపి ప్లేటు పట్టుకుని వచ్చింది. "ఏమైంది తమ్మీ?"

అప్పుడన్నాను. "నీ చేతుల్తోనే బావను తుడిచేసినవ్. ఇగ ఆదివారం ఏం చూస్తవో చూడు."

ఆమె ప్లేటు స్టూలు మీద పెట్టి లోపలికి వెళ్ళింది. ఆ ఆదివారం నాలుగింటికి టీ ఒక్క గ్లాసే వచ్చింది. నేను తల ఎత్తలేదు. నాలుగో రోజున సంచి సర్దుకుని, "జర పిల్ల కాడ ఉండొస్త," అని జనగామ బయలుదేరింది. బస్సు ఎక్కించడానికి కూడా నేను వెళ్ళలేదు. పని ఉందన్నాను. ఏ పనీ లేదు.

వారం తర్వాత హనుమకొండలో డిస్కులు బాగుచేసే అతనికి ఫోన్ చేశాను. జరిగిందంతా విని ఆయన నింపాదిగా చెప్పాడు: "అన్నా, ముందుగాల తప్పు జరిగిన కాడ్నే ఆపితే మొత్తం వాపసు వచ్చేది. పాత పారిటీ మంచిగనే ఉండె గద. నువ్వే మల్ల దాని మీద రాపిచ్చినవ్." ఫోన్ పెట్టేశాను. అక్క బొట్టు చేసిన నష్టం తిరిగొచ్చే నష్టం. తిరిగిరాకుండా చేసింది నేను. ఈ మాట ఆమెకు అప్పుడే ఫోన్ చేసి చెప్పొచ్చు. చెప్పలేదు. వీడియో దొరికితే దానితో పాటు చెబుదామని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి సిగ్గేసింది.

మూడో డిస్కులో చెరిగిపోని భాగాన్ని ఒక సాఫ్ట్‌వేర్‌తో బయటికి లాగాను. వీడియోలైతే వచ్చాయి గాని పేర్లు పోయాయి. ఏ ఊరు, ఎవరి పెళ్ళి, ఏ సంవత్సరం, ఏమీ లేదు. వేల ముక్కలు, ఒక్కోదానికి ఒక అంకె. బావ ఉంటే వాటిలో ఎక్కడో ఉండాలి. ఒక్కొక్కటి తెరిచి చూడడం తప్ప దారి లేదు.

చూశాను. ఎండాకాలమంతా చూశాను. ఉదయం ఊళ్ళోని బొగ్గు గని సైరన్ మోగేసరికి లేచి, అన్నం ఒక్కసారే వండుకుని, దుకాణానికి ఎవరూ రాని వేళల్లో ముక్కలు తిప్పేవాణ్ణి. బయట బొగ్గు లారీలు పోతుంటే స్క్రీన్ మీద నల్ల దుమ్ము పేరుకునేది. లోపల బరాత్ ఊరేగింపులు, తలంబ్రాలు, పీటల మీద నిద్రపోతున్న పెళ్ళికొడుకులు. ఎవరి పెళ్ళో తెలియకుండా చూస్తే అన్నీ ఒకటే పెళ్ళిలా ఉంటాయి. అంతమంది ముఖాల మధ్య రోజంతా కూర్చుని, రోజు మొత్తంలో నేను మాట్లాడేది దుకాణానికి వచ్చినవాళ్ళతో "గడ్డం పైకెత్తు" అన్న ఒక్క మాటే. నాకు ఒంటరిగా ఉండేది. ఆ మాట చెప్పుకోవడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా అరవడానికి ఎవరూ లేరు, వండింది నేనే.

ఒకటి గమనించాను. చాలా వీడియోల్లో కెమెరా వెనక నుంచి నా గొంతు వినిపిస్తోంది. "జరుగుండ్రి," "ఏయ్, లైటుకు అడ్డం రాకు," "నీకే చెప్పేది." ఏ పెళ్ళిలోనూ నేను కనిపించను. ప్రతి పెళ్ళిలోనూ అరుస్తున్నాను. కొన్ని రోజులు సౌండు తీసేసి చూశాను.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం దొరికింది. ఆకుపచ్చ తువ్వాలు. మొదటి నాలుగు సెకన్లు పోయాయి. మిగిలిన ఏడింట్లో ఆయన వంగి తినడం లేదు, అప్పటికే చెయ్యి అడ్డం పెట్టేసుకున్నాడు. చెయ్యి, తువ్వాలు, వేళ్ళ సందుల్లోంచి కాస్త నవ్వు. అంతే. అయినా నా కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. దుకాణం షట్టర్ దించి, లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని మర్నాడు పొద్దున్నే జనగామ బస్సెక్కాను.

మేనకోడలు బడికి వెళ్ళింది, ఆమె టీచరు. అక్క వరండాలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. నీళ్ళు కూడా అడగకుండా మొదలుపెట్టాను, ఎక్కడ ధైర్యం చాలకుండా పోతుందోనని.

"అక్కా, తప్పు నీది కాదు. నీ బొట్టుతోని అయినదాన్ని మంచిగ చేసేటట్టే ఉండె. కోపంల నేను రెండోసారి చేసిన పనితోనే అంత పోయింది. గీ సంగతి నాకు ఎప్పుడో తెలుసు. నీకు చెప్పలె."

ఆమె చిక్కుడుకాయ చేతిలోనే పట్టుకుని వింది. "గిది చెప్పనీకి అంత దూరంకెళ్ళి వచ్చినవా?"

"బావ దొరికిండు," అన్నాను.

మంచం మీద లాప్‌టాప్ పెట్టి చూపించాను. ఏడు సెకన్లు. అక్క ముందుకు వంగి చూసింది.

"గింతేనా మిగిలింది?"

"గింతే. మొకం దిక్కు పోయింది."

ఆమె చిక్కుడుకాయల చాట పక్కకు జరిపింది. "తమ్మీ, ఒక మాట చెప్త. కోపానికి రావొద్దు. గాయన మీ బావ కాదురా."

నాకు అర్థం కాలేదు.

"మీ బావ తువ్వాల భుజం మీద ఏసుకోడు, తలకు చుట్టుకుంటడు. నువ్వు నాలుగొద్దులు తిండి లేకుంట దేవులాడినవ్. దొరికిందని పిలిచినప్పుడు నీ మొకం ఎట్లున్నదో నువ్వు చూసుకోలె. కాదనబుద్ధి గాలె."

"మరి ఏడ్చినవ్ గదా?"

"ఏడ్పు రాదా? ఆయన లేడన్నదైతె నిజమే గద."

"మరి ప్రతి ఆదివారం పెట్టుమన్నవ్?"

"నువ్వు ఇంకెప్పుడు కూసున్నవ్ నా పక్కన?" అంది అక్క. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

నేను ఆమెను అన్న మాట గుర్తొచ్చింది. బావను నీ చేతుల్తోనే తుడిచేశావని అన్నప్పుడు, వాడు మీ బావ కాదు పోరా అని ఒక్క మాట చెబితే నా నోరు మూతపడేది. ఆమె అన్నం ప్లేటు కింద పెట్టి వెళ్ళిపోయింది తప్ప ఆ మాట వాడలేదు. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"గప్పటికే డిస్కు పోయిందని పరేషాన్‌ల ఉన్నవ్. గది గూడ చెప్తే నీకేం మిగులుతది?"

నేను తల దించుకుని చిక్కుడుకాయల ఈనెలు తీయడం మొదలుపెట్టాను. సరిగ్గా తీయడం రాలేదు. ఆమె నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ తీసింది. అన్నం తిన్నాక ఇంటికి పోదాం రమ్మన్నాను. మేనకోడలికి నెలలు నిండుతున్నాయని, ఇప్పట్లో రాలేనని చెప్పింది. అది నిజమే. బస్టాండు దాకా వచ్చి, బస్సు కదిలేదాకా నిలబడింది.

భూపాలపల్లి వచ్చాక డిస్కుల నంబర్లు ఐదూ కాగితం మీద రాసి పెట్టె తలుపుకు లోపలివైపు అంటించాను. బొట్లు తుడవలేదు. మూడో డిస్కును ఖాళీ చేసి, దొరికిన ముక్కలన్నీ దానిలోకి ఎక్కించి, పారిటీని మొదటినుంచి కట్టించాను. ఈసారి స్క్రీన్ మీద వచ్చిన ప్రతి మాటా రెండుసార్లు చదివాను.

ఇప్పుడు ఆదివారం నాలుగింటికి జనగామ నుంచి ఫోన్ వస్తుంది. "పెట్టినవా?" అంటుంది అక్క. పెడతాను. ఎవరో తెలియని ఆ పెద్దమనిషి ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతాడు. అక్క బావ గురించి చెప్పడం మొదలుపెడుతుంది, నేను టీ గ్లాసు పట్టుకుని వింటాను. వీడియో ఏడు సెకన్లకే అయిపోతుంది. అయిపోయిందని నేను ఆమెకు చెప్పను.